గంట వెనక ఊరికి ఒంటి ఫ్యాను కార్డు

ముందు వెండిరంగు కవరు, దానిమీద ఉన్ని సాక్సు, సాక్సు మీద రొట్టెల సంచి, ఈ వరస తప్పకూడదు, ఉన్ని నేరుగా కార్డుకు తగిలిందంటే చిటుక్కుమని చిన్న నిప్పురవ్వ పుట్టి దాని ప్రాణం అక్కడికక్కడే పోతుంది, మా జట్టువాడు ఎస్కో పొద్దున్నుంచి మూడుసార్లు ఫోను చేసి చెప్పాడు, తెర్తూ, కవరు మరిచిపోకు, తెర్తూ, ఉన్నితో జాగ్రత్త, నాకు తెలీదూ, డెబ్బై ఏడేళ్ల దాన్ని, పదహారేళ్లుగా ఈ గ్రాఫిక్స్ కార్డులతోనే కాపురం చేస్తున్నదాన్ని, కిందటేడు బాల్కనీలో మైనస్ ముప్పైలో పెట్టి పరిగెత్తించిన కార్డును ఊడబీకి, గర్వంగా వేడి వేడి గదిలోకి తెచ్చి, కాఫీ బల్ల చుట్టూ అందరికీ చూపించి, అది చెమట పట్టి నీళ్లు కారుతుంటే చూసుకోకుండా మళ్లీ కంప్యూటరులో పెట్టి స్విచ్చి వేసింది నేనా ఆయనా, టప్ అని ఒక్క శబ్దం, సబ్బు బుడగ పగిలినంత, అంతే, ఆ తర్వాత ఆయన కాఫీ కూడా తాగలేదు, పాపం, ఎనభై ఏళ్ల మనిషి, ముప్పై ఏళ్లు సరిహద్దు వంతెన దగ్గర కస్టమ్స్‌లో పనిచేసి వచ్చే పోయే ప్రతి సంచీ విప్పి చూసినవాడు, అందుకే ఫోనులోంచే నా సంచి కూడా తనిఖీ చేస్తున్నాడు, తనే వెళ్లాల్సింది, చెత్తబుట్ట ఖాళీ చేయడానికి వెళ్లి మంచు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు, ఇక నది అవతల జరిగే పోటీకి మా టోర్నియో తరఫున మిగిలింది నేనొక్కదాన్నే, నేను వెళ్లకపోతే మన పేరు ఎదురుగా సున్నా వేస్తారు తెర్తూ, అవతలి గట్టు స్తూరె గాడు ఏడాదంతా ఆ సున్నాను మెళ్లో వేసుకుని తిరుగుతాడు, సరే సరే వెళ్తాను అన్నాను, అన్నానే గానీ సంచి జిప్పు సగం లాగి ఆపేశాను, సంచులు సర్దడం నాకు పడదు, అమ్మకి ఆసుపత్రికి సర్దాను, దువ్వెన కూడా పెట్టాను, దువ్వెన ఒక్కటే తిరిగొచ్చింది, అంతకుముందు ఒకసారి ఇంకొకరికి సర్దాను, ఆరు జతల సాక్సులు, రై రొట్టె, గడ్డం గీసుకునే సామాను, ఆ సంగతి ఇప్పుడెందుకు, ఇప్పుడు తేల్చాల్సింది ఒక్కటే, సాక్సులో దూర్చాల్సింది ఏ కార్డును అన్నది.

మనిషికి ఒక్క కార్డే, అది నియమం, ఇంకో నియమం ఇంకా పెద్దది, తెరమీద ఒక పరీక్ష బొమ్మను పరిగెత్తించి కార్డు తెచ్చిన పాయింట్లను దాన్ని కొన్న ధరతో భాగిస్తారు, రసీదు చూపించాలి, యూరోకి ఎన్ని పాయింట్లు వస్తే అదే నీ లెక్క, కంపెనీ వాళ్లు పెట్టిన వేగాన్ని దాటించి దాన్ని ఎంత దూరం పరిగెత్తించగలవో అది నీ ఒడుపు, చుట్టాల దగ్గర కొన్నది చెల్లదు అని కూడా ఈమధ్య చేర్చారు, స్తూరె తన బావమరిది దగ్గర కొత్త కార్డు ఇరవై స్వీడన్ క్రోనర్లకి, రెండు యూరోలైనా కాదు, కొన్నానని రసీదు తెచ్చిన దగ్గర్నుంచీ, ఇప్పుడు బల్లమీద రెండూ పక్కపక్కన పడుకుని ఉన్నాయి, పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టినట్టు, మూడు ఫ్యాన్లది నూట నలభై యూరోలు, ఊలూ నుంచి వచ్చిన కుర్రదాని దగ్గర కొన్నాను, ఎంత బరువంటే కంప్యూటరు పెట్టెలో పెడితే నడుము వంగిపోతుంది, కింద ఖాళీ దారపు కండె ఒకటి ఆనించాను, రంగురంగుల దీపాలు వెలుగుతాయి, ఎందుకో తెలీదు, తొమ్మిదివేల ఎనిమిదివందల పాయింట్లు ఊరికే కూర్చుని తెస్తుంది, యూరోకి డెబ్బై, ఎంత పొగిడినా ఎంత వోల్టేజీ పెంచినా ఇంకో అయిదువందల అరవై, అంతకు మించి రాదు, డెబ్బై నాలుగు, ఫ్యాక్టరీలోనే పిండేసిన గుడ్డ అది, మనం పిండితే రెండు చుక్కలు రాలతాయి, ఒంటి ఫ్యానుది పాతసామాన్ల సంతలో పగిలిన దీపం గొడుగు కింద దొరికింది, ఇరవై అయిదు యూరోలు, ఇది రేడియో ముక్క కదూ అంది అమ్మే ఆవిడ, అవునండీ అన్నాను, పాపం తగులుతుందేమో, రసీదు మీద కూడా రేడియో ముక్క అనే రాసిచ్చింది, స్తూరె దానిమీద తప్పకుండా గొడవ పెడతాడు, అది పుట్టు వేగంలో రెండువేల ఒకవంద, యూరోకి ఎనభై నాలుగు, కానీ దాని కంపెనీ దాన్ని చవక సరుకని మెల్లగా నడిచేలా కట్టేసి పంపింది, లోపల ఎంతుందో వాళ్లకే తెలీదు, బాల్కనీలో చల్లగాలికి పెట్టి ఒక్కో మెట్టూ పెంచుకుంటూ పోతే రెండువేల ఆరువందలు, నూట నాలుగు, స్తూరె రికార్డు నూట ఎనిమిది, అంటే ఇంకో నూరు పాయింట్ల పైచిలుకు దానిలోంచి తీయాలి, ఎక్కడుంది ఆ నూరు, ఉంది, నాకు తెలుసు ఉందని.

ఉందని ఎలా తెలుసంటే, నేను ముప్పై ఒక్క ఏళ్లు బీరు ఫ్యాక్టరీలో దీపం ముందు కూర్చుని పోయే సీసాలు చూసినదాన్ని, నిమిషానికి నూట ఇరవై సీసాలు, అంచు పగిలింది, అడుగున వెంట్రుకంత గీత, లోపల సిగరెట్టు పీక, ఒకసారి చిట్టెలుక, చదువుకున్నది ఆరో తరగతే, మిగిలిందంతా గ్రంథాలయంలో నాకు నేనే చదువుకున్నాను, నిఘంటువు ఒళ్లో పెట్టుకుని, కానీ ఆ కళ్లు మాత్రం ఫ్యాక్టరీ ఇచ్చింది, కార్డు అలిసిపోయే ముందు తెరమీద బొమ్మలో ఎక్కడో ఒక మూల ఆవగింజంత తెల్లని మెరుపు మెరుస్తుంది, ఎస్కోకి కనబడదు, స్తూరెకి కనబడదు, వాళ్లకి తెర మొత్తం నల్లబడ్డాకే తెలుస్తుంది, నాకు అంతకు రెండు మెట్ల ముందే తెలుస్తుంది, మెరుపు కనబడగానే ఆపేస్తాను, అందుకే నా చేతిలో ఇంతవరకు ఒక్క కార్డు కూడా చావలేదు, అందుకే నేను ఇంతవరకు ఒక్కసారి కూడా గెలవలేదు, ఎస్కో నవ్వుతాడు, నీ కార్డులు వృద్ధాశ్రమంలో ఉన్నట్టు హాయిగా ఉన్నాయి తెర్తూ, తెర నల్లబడనీ, పది లెక్కపెట్టు, తిరిగొస్తుంది, పదిసార్లలో తొమ్మిదిసార్లు తిరిగొస్తుంది, ఆ పదోసారి సంగతేంటి ఎస్కో, ఆ పదోసారి కొత్తది కొనుక్కుందువులే, అదీ ఆయన మాట, నల్లటి తెర ముందు కూర్చుని పది లెక్కపెట్టడం ఆయనకి తేలిక, నాకు కాదు, నేను మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలీదు, అందుకే మూడు ఫ్యాన్లది తీసుకెళ్దామా అని చూస్తున్నాను, డెబ్బై నాలుగు తెచ్చుకుని మర్యాదగా ఓడిపోయి వస్తాను, ఎవరూ ఏమీ అనరు, పెద్దావిడ, పాపం, వచ్చింది అదే చాలు అంటారు, ఒంటి ఫ్యానుదాన్ని తీసుకెళ్లి దాని ఊపిరి పోగొట్టానంటే, వంతెన అవతల స్వీడన్ ఊరు హాపరాండా వెళ్లి తిరిగి రానిది ఇంకొకటా ఈ ఇంట్లోంచి.

నలభై ఆరేళ్లయింది నేను ఆ వంతెన దాటి, ఎవరికైనా చెబితే నవ్వుతారు, మా వంటింటి కిటికీలోంచి వాళ్ల చర్చి శిఖరం కనబడుతుంది, నడిచివెళితే అరగంట, టోర్నియోలో ఉన్నవాళ్లు హాపరాండాకి పొగాకు కోసం వెళ్తారు, పెట్రోలు కోసం వెళ్తారు, కుర్చీలు కొనడానికి వెళ్తారు, విసుగెత్తితే వెళ్తారు, నాకు మాత్రం పోటీ అక్కడ జరిగే ఏడల్లా జలుబు చేస్తుంది, మన వైపు జరిగే ఏడు ఆరోగ్యంగా ఉంటాను, ఎస్కోకి తెలుసు, ఎప్పుడూ ఏమీ అనలేదు, నలభై ఆరేళ్ల కిందట ఒక ఆదివారం కౌకో, నా మొగుడు, అవతలి దేశంలో లూలియో ఉక్కు ఫ్యాక్టరీలో మరమ్మతు పని దొరికింది, రెండు వారాలు, మళ్లీ పై ఆదివారం కాక ఆ పై ఆదివారం ఆరింటి బస్సుకి వచ్చేస్తా అన్నాడు, సంచి నేనే సర్దాను, ఆరు జతలు ఎందుకే అన్నాడు, అక్కడ చలి అన్నాను, ఇక్కడ చలి కాదా అన్నాడు, నవ్వాడు, బుధవారం గది ఊడుస్తుంటే తెలిసింది మంచం కింద తను వాయించుకునే అకార్డియన్ పెట్టె లేదని, రెండు వారాల మరమ్మతుకి అకార్డియన్ ఎందుకు, సాయంత్రాలు పొద్దుపోదేమో అనుకున్నాను, ఎస్కో కూడా ఆ రోజు వంతెన దగ్గర డ్యూటీలో ఉండి అదే ప్రశ్న అడిగాడట, సాయంత్రాలు పొడుగు గదా అన్నాడట కౌకో, ఎస్కో నాకు ఈ మాట చెప్పడానికి ఇరవై ఏళ్లు పట్టింది, సరే, రెండు వారాలయింది, ఆదివారం ఆరయింది, బస్సు వచ్చింది, దిగలేదు, అప్పుడు అనిపించింది, అయ్యో, ఆయన చెప్పింది ఆ వైపు ఆరేమో, స్వీడన్ మనకి గంట వెనక గదా, ఏడు దాకా చూద్దాం, ఏడుకీ రాలేదు, మర్నాడూ అంతే, ఆరింటికి రాకపోతే ఏడుదాకా, ఒక గంట ఎక్కువ ఇచ్చాను, ఏప్రిల్‌లో ఎవరో చెప్పారు హాపరాండాలో క్షవరం చేసే గున్వోర్ ఇంట్లో ఉంటున్నాడని, విడాకుల కాగితాలు పోస్టులో వచ్చాయి, సంతకం పెట్టి పంపాను, పదకొండేళ్ల కిందట చనిపోయాడని పేపరులో వేశారు, కింద గున్వోర్ పేరు, కత్తిరించి డ్రాయరులో పెట్టాను, అయినా ఆ గంట ఉండిపోయింది, పళ్ల డాక్టరు ఆలస్యం చేసినా గంట ఇస్తాను, ఉత్తరాలవాడికి ఇస్తాను, ఉడికే గుడ్డుకి కూడా ఇచ్చేస్తానేమో అంటాడు ఎస్కో, చచ్చిపోయినవాడికి కూడా ఇస్తున్నానని మాత్రం ఎవరికీ చెప్పలేదు, ఆదివారాలు ఆరింటికి గడియారం చూస్తాను, ఏడింటికి దీపం తీసేస్తాను, అంతే, అదేమంత పెద్ద విషయం.

అరే, ఒంటి ఫ్యానుదే సాక్సులో ఉంది, ఎప్పుడు పెట్టాను, ఆలోచిస్తూనే పెట్టేశానన్నమాట, తీసి మార్చాలంటే మళ్లీ కవరు, మళ్లీ సాక్సు, వద్దు, ఉండనీ, వీధిలోకి వచ్చేశాను, మైనస్ ఇరవై ఏడు, ముక్కు వెంట్రుకలు గడ్డకట్టాయి, నది మొత్తం తెల్లటి దుప్పటి, వంతెన మీద ఒక్క కారు, ఒక్క కుక్క, కుక్కకి బూట్లు, సంచి గుండెకి ఆనించుకుని నడుస్తున్నాను, పసిపిల్లని ఎత్తుకున్నట్టు, ఎదురొచ్చినావిడ సంచిలోకి తొంగి చూడబోయింది కూడా, వంతెన సగం దాటానో లేదో జేబులో ఫోను గుర్రుమంది, తీసి చూస్తే ఒంటిగంట యాభై ఉన్నది పన్నెండు యాభై అయింది, ఈ ఫోనుకి పనిలేదు, ఏ గట్టు గాలి తగిలితే ఆ గట్టు గడియారం, మా వంటింట్లో కూడా ఒక్కోసారి కిటికీ వైపు తిప్పితే స్వీడన్ అయిపోతుంది, అందుకే గోడ గడియారాన్నే నమ్ముతాను, అడుగు వెనక్కి వేశాను, ఒంటిగంట యాభై, ముందుకి వేశాను, పన్నెండు యాభై, మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకి, బూట్ల కుక్క నిలబడి చూస్తోంది, కౌకో ఇక్కడే ఎక్కడో నడిచి ఉంటాడు, చేతిలో సంచి, భుజాన అకార్డియన్, ఆయన చేతి గడియారం మా పెళ్లికి మా నాన్న పెట్టింది, దాన్ని మార్చి ఉండడులే, మరిచిపోయి ఉంటాడు, మా వేళ మీదే నడిచి ఉంటుంది ఆ గడియారం ఏళ్లతరబడి, ఎందుకో ఎప్పుడూ అలాగే అనుకున్నాను, అక్కడున్నా ఆరింటికి మనకి ఆరయిందని ఆయనకి తెలుస్తూ ఉండేదని, చాలు, కాళ్లు పట్టేస్తున్నాయి, నడు.

బడి వ్యాయామశాలలో పెట్టారు పోటీ, లోపల ఇరవై రెండు డిగ్రీలు, తడి ఉన్ని వాసన, దాల్చినచెక్క రొట్టెల వాసన, కిటికీలకి పొయ్యి గొట్టాలు బిగించి బయటి చలిగాలిని లోపల కంప్యూటర్ల మీదికి మళ్లించారు, పదిమంది ముసలాళ్లు, ఇద్దరు నడివయసువాళ్లు, స్తూరె నన్ను చూడగానే రెండు చేతులూ పైకెత్తి, ఎవరొచ్చారో చూడండ్రా, నదికి అవతల మహారాణి, జలుబు తగ్గిందా తెర్తూ, నలభై ఏళ్ల జలుబంట గదా, నీ నోరు పడిపోను స్తూరె, నీ బావమరిది బాగున్నాడా, అందరూ నవ్వారు, వాడు కూడా, వాళ్లంతా మా భాషే మాట్లాడతారు, ఆ గట్టు యాసలో, మాట మధ్యలో స్వీడిష్ ముక్కలు ఎండుద్రాక్షల్లా తగులుతుంటాయి, ఏది, బయటికి తియ్యి, ఏం తెచ్చావో చూద్దాం అని సంచి మీద చెయ్యి వేశాడు, చాచి ఒక్కటి కొట్టాను చేతిమీద, గంట సేపు విప్పకూడదు, చలిలోంచి వచ్చింది, మూసి ఉన్న సంచిలో మెల్లగా గది వేడికి రావాలి, లేకపోతే చెమట పడుతుంది, ఎస్కోకి ఏమయిందో చూశావు గదా, చూశాను, చూశాను, నిరుటి నుంచి నవ్వుతూనే ఉన్నాను, రసీదు చూపించు మరి, చూపించాను, రేడియో ముక్కా, ఇదేంటే, ఇది గ్రాఫిక్స్ కార్డుల పోటీ, రేడియోలకి పక్క గదికి వెళ్లు, ధర చూడు స్తూరె, పేరు కాదు, ఇరవై అయిదు, చదవడం వచ్చా, వచ్చులే, అయినా క్రోనర్లలో వెయ్యాలి, ఇవాళ మారకం ఎంతో తెలుసా, మాది యూరోల్లోనే వేస్తారు, నియమం చదువు, ఇలా పావుగంట, చివరికి ఒప్పుకున్నాడు, పోటీ రెండింటికి, ఇంకా ముప్పావుగంట ఉంది, సంచి ఒళ్లో పెట్టుకుని కాఫీ బల్ల పక్కన కూర్చున్నాను, ఆ ముప్పావుగంటా ఖాళీగా, ఇలా ఏమీ చేయకుండా కూర్చోవడం నాకు అలవాటే.

సంచిలో జిప్పు కొంచెం విడిపోయి సాక్సు మడమ బయటికి కనబడుతోంది, నేను చూసుకోలేదు, కాఫీ పోస్తున్న ఆవిడ చూసింది, ఎనభై దాటి ఉంటుంది, నిటారుగా ఉంది, తెల్లజుట్టు పొట్టిగా చక్కగా కత్తిరించి ఉంది, కాఫీ కుండ చేతిలోనే పట్టుకుని ఆగిపోయింది, ఆ మడమ మీరు అల్లిందేనా, అవునండీ, రెండు పోగుల మడమ, మధ్యలో ఎర్ర పోగు, అవునండీ, ఆ మడమ నాకు తెలుసు, అంది, ఆరు జతలకి పదేళ్లు రఫ్ఫు చేశాను, పాదం చిరిగింది, వేళ్లు చిరిగాయి, మడమ మాత్రం ఒక్కటీ చిరగలేదు, నేను గున్వోర్‌ని, అంది, ఇన్నేళ్లలో ఎన్నిసార్లు ఈ మనిషి ఎదురైతే ఏం అనాలో తయారుచేసుకున్నాను, పెద్ద పెద్ద మాటలు, కొన్ని పుస్తకాల్లోంచి కూడా, ఒక్కటీ గుర్తురాలేదు, మడమకి దారం తడిపి అల్లాలి అన్నాను, అందుకేనా, అంది, నేను పొడి దారంతో అల్లి చచ్చాను ఇన్నాళ్లూ, పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది, కాఫీ తాగు, చల్లారుతుంది, రొట్టె తిను, నేనే చేశాను, ఎక్కువ తీపి, కౌకోకి అలా ఇష్టం, ఇంకా అలాగే చేయి తిరుగుతుంది, రొట్టె తిన్నాను, తీపి ఎక్కువే, అకార్డియన్ వాయించేవాడా అని అడిగాను, వాయించేవాడు, అదే రెండు పాటలు, ఏవో నీకు తెలుసుగా, తెలుసు, ఇద్దరం ఒకేసారి ముఖం అదోలా పెట్టాం, ఆ రెండోది పన్నెండేళ్లు విన్నాను అని అంటే, నేను ముప్పై అయిదేళ్లు అంది గున్వోర్, అప్పుడు నవ్వొచ్చింది, ముక్కులోకి కాఫీ పోయింది, ఆవిడ వీపు తట్టింది, గట్టిగా, క్షవరం చేసిన చేతులు, అప్పుడు అడిగేశాను, ఎందుకడిగానో, ఆయన గడియారం, మా నాన్న పెట్టింది, మా వేళకే పెట్టుకుని ఉండేవాడా, ఏ గడియారం, అంది గున్వోర్, ఆ బంగారు ముళ్లదా, లేదు తల్లీ, వచ్చిన మొదటిరోజే చెప్పుకుని మురిసిపోయాడు, వంతెన సగంలో నిలబడి ముల్లు వెనక్కి తిప్పేశానే, ఊరికే ఒక గంట లాభం వచ్చింది, ఆ గంటతో ముందే వచ్చేశా చూడు అని, నువ్వు ఇంకా పనిలో ఉంటావనుకున్నానే అని, నవ్వుతూ గుమ్మంలో నిలబడ్డాడు, ఆదివారం పని ఏముంటుంది, పిచ్చివాడు, అంది.

రెండయింది, వాళ్ల రెండు, సంచి విప్పారు, సాక్సు, కవరు, కార్డు పొడిగా ఉంది, గోరువెచ్చగా, పెట్టెలో బిగించాను, గొట్టం తెరిచారు, చలిగాలి దానిమీదికి బుసకొట్టింది, ముల్లు వెనక్కి తిప్పేశాడట, స్తూరె ముందు వంతు, కిందటేటి కార్డే, నూట ఎనిమిది, చప్పట్లు, వంగి వంగి దణ్ణాలు, ఇంక మహారాణీ, నీ రేడియో పాడించు, మొదటి పరుగు రెండువేల అయిదువందల ఎనభై, పెంచాను, రెండువేల ఆరువందల ముప్పై, ఊరికే ఒక గంట లాభం అన్నాడట, అది ఎవరి గంట, నేను ఆదివారం ఆదివారం ఇస్తూ వచ్చిన గంట అది, దాన్ని వంతెన మీదే తీసేసుకుని జేబులో వేసుకుని పోయాడు, రెండువేల ఆరువందల డెబ్బై, అక్కడ, కుడి మూల, ఆవగింజంత మెరుపు, నాకే కనబడింది, నలుగురూ నా వెనక నిలబడి ఉన్నారు, ఒక్కరికీ కనబడలేదు, ఎప్పుడూ ఇక్కడే ఆపుతాను, చెయ్యి దానంతట అదే వెనక్కి వస్తోంది, నూట ఆరు పాయింట్ ఎనిమిది, ఓడిపోయినా బాగుంది, బాగా ఆడింది పెద్దావిడ, అంటారు, అయిపోయిందా తెర్తూ అంటున్నాడు స్తూరె, కాఫీ చల్లారుతోంది అని, చల్లారనీ అన్నాను, నలభై ఆరేళ్లలో రెండు వేలకి పైగా ఆదివారాలు, ఒక్కోదానికి ఒక్కో గంట, ఎవడికోసం దాచాను, ఒక మెట్టు పెంచాను, ఇంకోటి కూడా పెంచాను, పరుగు మొదలయింది, మెరుపులు, చిన్నవి, మంచు పడినట్టు, తర్వాత తెర నల్లబడింది, వెనక ఎవరో అయ్యో అన్నారు, ఒకటి, రెండు, సాక్సు ఖాళీగా బల్లమీద పడి ఉంది, మూడు, ఆసుపత్రిలో దువ్వెన, నాలుగు, గున్వోర్ చెయ్యి నా భుజం మీద ఎప్పుడు పడిందో, అయిదు, ఆరు, పది దాకానే లెక్కపెడతాను, పదకొండు లెక్కపెట్టను, వస్తే వస్తుంది, రాకపోతే ఇరవై అయిదు యూరోల రేడియో ముక్క, ఏడు, ఎనిమిది, తెర వెలిగింది, బొమ్మ ఆగినచోటే మళ్లీ మొదలై చివరిదాకా పరిగెత్తింది, రెండువేల ఏడువందల ముప్పై, నూట తొమ్మిది పాయింట్ రెండు, స్తూరె కాగితం మీద మూడుసార్లు భాగించాడు, మూడుసార్లూ అంతే వచ్చింది, ఫోనులో ఎస్కో అరుస్తున్నాడు, ఎంత, ఎంత, మళ్లీ చెప్పు, చెవిలో పడేలా చెప్పవే, తర్వాత ఏడుస్తున్నాడో దగ్గుతున్నాడో తెలీలేదు, సంచి సర్ది ఇచ్చింది గున్వోర్, ఈసారి నేను సర్దలేదు, కవరు, సాక్సు, రొట్టెల సంచి, పైన రెండు తీపి రొట్టెలు, వచ్చే ఏడు మీ గట్టుకి మేం వస్తాం, తడి దారం మడమ చూపించాలి నువ్వు, అంది, చూపిస్తాను అన్నాను, గంట ముందే రా, అని కూడా అన్నాను.

వంతెన మీద చీకటి పడింది, మూడున్నరకే, వాళ్ల మూడున్నరకి, దీపాల కింద మంచు నీలంగా ఉంది, కార్డు సంచిలో బరువుగా కూడా లేదు, ఇంటికి వెళ్లాక గంటసేపు విప్పకూడదు, అది గుర్తుపెట్టుకోవాలి, మూడు ఫ్యాన్లదాన్ని అమ్మేస్తాను, దాని దీపాలు నాకు నచ్చలేదు, ఎప్పుడూ నచ్చలేదు, సగం దాటాను, జేబులో ఫోను గుర్రుమంది, తీసి చూడలేదు, ఎంతయి ఉంటుందో తెలుసు, ఇక్కడ దాటితే గంట పోతుంది, వెనక్కి అడుగు వేసి దాన్ని తెచ్చుకోవచ్చు, మధ్యాహ్నం మూడుసార్లు తెచ్చుకున్నాను, ఇప్పుడు వేయలేదు, పోనిచ్చాను, ఇవాళ ఆదివారం, ఇంటికి చేరి, కార్డును బల్లమీద సంచితోనే పెట్టి, ఎస్కోకి రొట్టె తీసుకెళ్లి ఇచ్చి వచ్చేసరికి ఆరవుతుంది, ఆరింటికి దీపం తీసేసి పడుకోవచ్చు, ఏడుదాకా చూడక్కర్లేదు, కార్డు వెళ్లింది, ఎనిమిది లెక్కపెట్టేలోగా తిరిగొచ్చింది, కౌకో 1979 ఫిబ్రవరి పదకొండున వెళ్లాడు, తిరిగి రాలేదు.